పేరు ఉంటే చాలదు – ఆటకు రావాలి

సాయంత్రం చదువు అయ్యాక ఒక అక్క నన్ను అడిగింది.

"టీచరమ్మా! మా పాప పేరు చెస్ జట్టులో ఉంది. ఆ జట్టులో ఇరవై మంది ఉన్నారు. అవతల జట్టులో ఆరుగురే. అయినా మావాళ్లే ఓడిపోయారు. అదెట్లా?"

మంచి ప్రశ్న. ఈ రోజు మన పాఠం ఇదే.

చెస్ అంటే చదరంగం. బోర్డు మీద 64 గళ్లు ఉంటాయి. ఒక్కొక్కరికి 16 పావులు. ఈ ఆటను ఇప్పుడు ఫోనులో కూడా ఆడుతున్నారు. ఒకరు గుంటూరులో, ఒకరు వరంగల్‌లో ఉండి ఆడుకోవచ్చు. దీన్ని ఆన్‌లైన్ ఆట అంటారు. జట్లు కట్టి వారం వారం ఆడే పోటీని లీగ్ అంటారు.

లెక్క చూద్దాం

పాప ఆడే పోటీలో జట్టుకు నాలుగు బోర్డులు. ఒక్కో బోర్డు దగ్గర ఒక్కరే ఆడాలి. గెలిస్తే 1 పాయింటు. సమానమైతే చెరి అర. మనిషి రాకపోతే? గడియారం ఆగదు. టైము అయిపోతే ఆ పాయింటు అవతలివాళ్లది.

ఆ రోజు పాప జట్టు నుంచి ముగ్గురే వచ్చారు. ఒకరు గెలిచారు. ఒకరు ఓడారు. ఒకరిది సమానం. అంటే ఒకటిన్నర – ఒకటిన్నర. నాలుగో బోర్డు ఖాళీ. ఆ పాయింటు అవతలికి పోయింది. రెండున్నర – ఒకటిన్నర. పాప జట్టు ఓడింది.

"నాలుగో బోర్డు ఎవరిదక్కా?" అని అడిగాను.

అక్క తల దించుకుంది. "మా పాపదే. ఆ టైముకి ఫోను వాళ్ల అన్న పట్టుకుపోయాడు."

చూశారా! పాప ఆట రాక ఓడలేదు. ఫోను అందక ఓడింది. మరి మిగిలిన పదహారు మంది ఏమయ్యారు? పేర్లు రాయించుకున్నారు, అంతే. ఎవరు వస్తారో ముందురోజు ఎవరూ అడగలేదు.

పెద్ద జట్టు సంగతి

2020లో కరోనా వచ్చింది. ఎవరూ ప్రయాణం చేయలేని రోజులు. అప్పుడు దేశాల మధ్య చెస్ ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్‌లో పెట్టారు. జట్టుకు ఆరు బోర్డులు. అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఆడపిల్ల తప్పక ఉండాలి. అంటే సగం జట్టు ఆడవాళ్లదే!

మన దేశం పన్నెండు మందిని పెట్టుకుంది. ఆడేది ఆరుగురు, సాయానికి ఆరుగురు. మన తెలుగువాళ్లు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఆ జట్టులో ఉన్నారు. పోలండ్‌తో పోటీ సమానంగా నిలిచింది. చివరి ఒక్క ఆట హంపి ఆడి గెలిపించింది.

ఫైనల్లో రష్యాతో ఆడారు. ఆట మధ్యలో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ అనే ఇద్దరికి నెట్టు పోయింది. టైము అయిపోయి ఓడినట్టు లెక్క వచ్చింది. మనవాళ్లు ఊరుకోలేదు, న్యాయం అడిగారు. చివరికి రెండు దేశాలకూ బంగారు పతకం ఇచ్చారు.

అంత పెద్ద ఆటగాళ్లకే నెట్టు పోతే ఆట పోయినంత పనైంది. మరి ఫోనే చేతికి రాని పిల్ల ఏం ఆడుతుంది?

ఎంతమంది ఉంటే మేలు?

నాలుగు బోర్డులకు నలుగురే ఉంటే ఒకరికి జ్వరం వచ్చినా బోర్డు ఖాళీ. ఇరవై మంది ఉంటే చాలామందికి వంతు రాదు. వంతు రానివాళ్లు మెల్లగా మానేస్తారు. ఆరేడుగురు ఉంటే బాగుంటుంది. అందరికీ వంతు వస్తుంది. ఒకరు రాకపోయినా ఇంకొకరు ఉంటారు.

ఇంకో మూడు పనులు చేయాలి:

1. ఎవరు వస్తారో ముందురోజే అడగాలి.
2. ఒకరిని సిద్ధంగా ఉంచుకోవాలి.
3. రానివాళ్ల పేరు వెంటనే కొట్టేయకూడదు. ఎందుకు రాలేదో ఇంటికి పోయి కనుక్కోవాలి.

మూడో పని అన్నిటికంటే ముఖ్యం. పాప ఇంటికి ఎవరైనా పోయి ఉంటే ఫోను సంగతి తెలిసేది గదా!

మన పొదుపు సంఘం కూడా ఇంతే. పుస్తకంలో పదిహేను పేర్లు ఉంటాయి. మీటింగుకు వచ్చేది ఎందరు? రానివాళ్లను ఎవరైనా పలకరించారా?

అక్క ఆ రాత్రి ఇంట్లో ఒక మాట చెప్పింది. "ఆదివారం నాలుగింటి నుంచి ఫోను పాపది. ఎవరూ ముట్టుకోవద్దు." ఆ వారం నాలుగో బోర్డు ఖాళీగా లేదు.

ఆలోచించి చెప్పండి

1. పాప జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో ఓడింది?
2. నాలుగో బోర్డులో పాప గెలిచి ఉంటే లెక్క ఎట్లా ఉండేది?
3. మీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? ఆడపిల్లకు ఎంతసేపు ఇస్తారు?
4. మీ సంఘంలో రానివాళ్ల పేర్లు రాయండి. ఎందుకు రావడం లేదో కనుక్కోండి.