ముందు బ్రేకు, తర్వాతే తొక్కుడు

పాత టాండెమ్ సైకిల్ ఒకటి చేతికొచ్చిందనుకోండి. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తొక్కే బండి. మనవాళ్లు ముందు ఏం చేస్తారు? రంగు ఎంచుతారు. తర్వాత సీట్లు, బెల్లు, స్టిక్కర్లు. డబ్బులు అయిపోవచ్చిన వేళ మెకానిక్‌తో అంటారు: "అన్నా, బ్రేకులు ఏవో ఒకటి వేసెయ్."

ఇద్దరు కలిసి పెట్టుకునే పనులు చాలావరకు ఇట్లాగే మొదలవుతాయి. పెట్టుబడి మాట్లాడుకుంటారు, బోర్డు మీద పేరు మాట్లాడుకుంటారు. ఎక్కడ ఆపాలో మాత్రం మాట్లాడుకోరు. జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఆ పాత బండిని మళ్లీ రోడ్డెక్కించాలంటే బ్రేకుల గురించి తేల్చుకోవాల్సిన సంగతులు ఆరు. వాటిని వరసగా తేల్చుకోగలిగినవాళ్లు ఏ పొత్తునైనా నడపగలరు.

1. బరువు కూడండి

మామూలు సైకిల్, దాని మీద మనిషి కలిపి ఇంచుమించు 85 కిలోలు. టాండెమ్ మీద 65 కిలోల మనుషులు ఇద్దరు, బండి 30 కిలోలు అనుకుంటే మొత్తం 160. చక్రాలు మాత్రం రెండే. పైగా నాలుగు కాళ్ల బలంతో బండి చప్పున వేగం అందుకుంటుంది. గంటకు 20 కిలోమీటర్ల నుంచి 30కి వెళ్తే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. బ్రేకు మింగాల్సిన శక్తి మాత్రం రెండుంబావు రెట్లు. అదంతా వేడిగా మారి రిమ్ములోకో డ్రమ్ములోకో పోవాలి.

పొత్తు పెట్టుకునే ముందు మీరూ ఈ కూడిక చేయండి. మీ అప్పు, మీ భాగస్వామి అప్పు, మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల ఖర్చు, వాళ్లింట్లో పిల్లల ఫీజులు, ఎవరు రోజుకు ఎన్ని గంటలు ఇవ్వగలరో అన్నీ ఒకే కాగితం మీద రాయండి. బలం కలిసిందని సంబరపడేవాళ్లకు బరువూ కలిసిందని గుర్తుండదు.

2. మీ రోడ్డు చూడండి

యూరప్ కొండల్లో తిరిగే టాండెమ్‌లకు వెనక హబ్బు మీద అదనంగా అరాయ్ అనే జపాన్ డ్రమ్ము బ్రేకు బిగించేవారు. మైళ్ల తరబడి దిగుడులో వేగాన్ని పట్టి ఉంచడం దాని పని. చదవగానే మనకూ ఒకటి కావాలనిపిస్తుంది. కానీ బ్రేకు మరిగిపోయేంత పొడవాటి ఘాట్ రోడ్డు మనకెక్కడిది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పుట్టాయి. అంతకుముందు మూడు ఊళ్లూ పాత వరంగల్ జిల్లాలోవే. అయినా రోడ్ల గుణం వేరు. జనగామ మీదుగా హైదరాబాద్–వరంగల్ రహదారి పోతుంది. అక్కడ మీ వేగం కన్నా పక్కవాళ్ల వేగంతోనే భయం. మహబూబాబాద్ వైపు నాట్ల కాలంలో కేజ్ వీల్స్ ట్రాక్టర్లు పొలం బురదనంతా తారురోడ్డు మీదికి తెస్తాయి. భూపాలపల్లిలో బొగ్గు లారీలు, చెల్పూరు థర్మల్ కేంద్రం; వాన పడితే రోడ్డు మీది బొగ్గుపొడి నల్లటి గుజ్జవుతుంది. మనకు కావాల్సింది ఉన్నట్టుండి ఆపగలిగే బ్రేకు, తడిలోనూ పట్టే బ్రేకు.

ఎవరో పెద్ద నగరంలో ఏం చేశారో చూసి మీ జాగ్రత్తలు నిర్ణయించుకోకండి. మీ దారిలో వచ్చే ఆపద ఏదో మీకే బాగా తెలుసు.

3. చట్రం ఏం మోయగలదు?

పాత బండికి రాడ్ బ్రేకులుంటాయి. లీవరు నొక్కితే కడ్డీలు పైకి లాగుతాయి, రబ్బర్లు రిమ్ము లోపలివైపు ఒరుసుకుంటాయి. ఒక్క మనిషికి, పొడి రోడ్డు మీద, ఫర్వాలేదు. టాండెమ్‌లో వెనక చక్రం దాకా కడ్డీలు పొడవు, కీళ్లు ఎక్కువ; ప్రతి కీలు దగ్గరా కొంత పట్టు పోతుంది. క్రోమ్ పూసిన ఇనుప రిమ్ము తడిసిందంటే రబ్బరు జారడమే.

డిస్కు వేద్దామా? పాత చట్రానికి దాన్ని పట్టే చోటు ఉండదు. డిస్కు తన భారమంతా ఫోర్కులో ఒక కాలు మీదే వేస్తుంది. సన్నటి పాత ఫోర్కు దానికి పుట్టలేదు. రిమ్మును రెండు పక్కల నుంచి పట్టే వి-బ్రేకు వేద్దామా? రాడ్ బ్రేకు రిమ్ముకు పక్కలు గుండ్రంగా ఉంటాయి, రబ్బరు ఆనడానికి చదునైన చోటు లేదు. అంటే రిమ్ములూ మార్చాలి. బ్రేకు చేతులు నిలబెట్టే మొలలను చట్రానికి అతికించాలి. అదీ ఇత్తడి బ్రేజింగ్‌తో, పని తెలిసిన చేత్తో. ఆర్క్ వెల్డింగ్ పలచటి గొట్టాన్ని కాల్చేస్తుంది.

ఒక మార్పు మరో రెండింటిని వెంటబెట్టుకొస్తుంది. ఇల్లు మారినా, ఉద్యోగం మానినా, వ్యాపారం మార్చినా అంతే. మొదటి ఖర్చు చూసి సరేననకండి. దాని వెనక వచ్చేవాటినీ లెక్కేసి, అప్పుడు తేల్చండి.

నా ఓటు ఇది: అల్యూమినియం రిమ్ములు వేసి, ముందూ వెనకా వి-బ్రేకులు. వాటి రబ్బర్లు, వైర్లు ఏ సైకిల్ దుకాణంలోనైనా దొరుకుతాయి. భూపాలపల్లిలో తిరిగే బండికైతే, మంచి హబ్బు దొరికితే, వెనక డ్రమ్ము బ్రేకు. మూసి ఉంటుంది కాబట్టి గుజ్జు లోపలికి పోదు. మీ ఊళ్లో బాగుచేయలేని వస్తువు ఎంత గొప్పదైనా మీకు అక్కరకు రాదు.

4. జత కుదిరిందా?

వి-బ్రేకుకు వైరును ఎక్కువ దూరం లాగే లీవరు కావాలి. పాతరకం లీవరు తక్కువ లాగుతుంది. రెండూ కొత్తవే, ఖరీదైనవే అయినా కలిపి బిగిస్తే లీవరు హ్యాండిల్‌కు ఆనుతుంది, చక్రం మాత్రం ఆగదు. ఇద్దరు సమర్థులు ఒకచోట చేరి పని చెడినప్పుడు తప్పెవరిదని వెతుకుతాం. చాలాసార్లు తప్పు ఎవరిదీ కాదు, కొలతలే కలవలేదు. ఒకరు వెంటనే తేల్చేస్తారు, ఇంకొకరు వారం ఆలోచిస్తారు. ఈ తేడా ముందే తెలిస్తే పనులు పంచుకోవచ్చు.

ఇంకోమాట: మామూలు వైరు టాండెమ్ వెనక చక్రం దాకా అందదు. కొలిచి, పొడవాటిది తెప్పించండి. ఒకే లీవరుతో రెండు బ్రేకులూ లాగించకండి. ఆ ఒక్కటి విరిగితే రెండూ పోతాయి.

5. ఆపమనే హక్కు ఎవరిది?

ముందు కూర్చున్నవాళ్లకు రోడ్డు కనిపిస్తుంది, కాబట్టి ప్రధాన బ్రేకులు వాళ్ల చేతిలోనే ఉండాలి. వెనకున్నవాళ్లకు ఎదుటివాళ్ల వీపే కనిపిస్తుంది గానీ, పక్క సందులోంచి వచ్చే బర్రె ముందు వాళ్లకే కనపడొచ్చు. అప్పుడు వెనక సీటులోని బావమరిది "బావా, జర చూడు, ఆ సందులకెల్లి బర్రె వస్తున్నట్టుంది" అని చెప్పడానికి మూడు సెకన్లు. 20 కిలోమీటర్ల వేగంలో బండి ఈలోగా 16 మీటర్లు దాటిపోతుంది. "ఆపు" అంటే చాలు. ఎందుకో ఆగాక అడగొచ్చు.

బొగ్గుబాయి పని తెలిసిన భూపాలపల్లి వాళ్లకు ఇది కొత్త కాదు. బాయిలో బొగ్గు డబ్బాలను లాగే హాలేజీ కదులుతుండగా ఒక్క గంట మోగిందంటే ఆపమనే. అన్నిటికన్నా తొందరది కాబట్టి అన్నిటికన్నా పొట్టి సైగ దానికే ఇచ్చారు. ఆపడం ఇద్దరి పని అని పారాలింపిక్స్‌లోనూ కనిపిస్తుంది. అక్కడ చూపులేని క్రీడాకారులు టాండెమ్ వెనక సీటులో, చూపున్న పైలట్ ముందు సీటులో పోటీ పడతారు. ట్రాక్ మీద వాడే టాండెమ్‌కు బ్రేకులే ఉండవు; ఇద్దరూ ఒక్కసారిగా కాళ్లు నెమ్మది చేస్తేనే బండి నెమ్మదిస్తుంది.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టి ధర కోసం చూసే మానుకోట (మహబూబాబాద్) అన్నదమ్ములకు ఆపే మాట ముందే అనుకోవడం విలువ తెలుసు. ఎంతకు పెరిగితే అమ్మాలో ఒక మాట, ఎంతకు దిగితే ఇక ఆగకుండా అమ్మేయాలో ఇంకో మాట, బస్తా లోపల పెట్టే రోజే అనుకోవాలి. ధర పడుతున్నప్పుడు కూర్చుని మాట్లాడుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. బ్రేకు ఒకరి చేతిలో ఉండొచ్చు. ఆపమనే హక్కు ఇద్దరికీ ఉండాలి. భార్యాభర్తల ఇంటి లోనుకైనా, స్నేహితుల దుకాణానికైనా ఈ ఒక్క నియమం రాసుకోండి.

6. పరీక్ష పెట్టండి

ఖాళీ స్కూలు గ్రౌండులో సుద్దతో గీత గీయండి. మెల్లగా వెళ్లి గీత దగ్గర ముందు బ్రేకు ఒక్కటే నొక్కండి, ఎన్ని అడుగుల్లో ఆగిందో కొలవండి. తర్వాత వెనకది, తర్వాత రెండూ. టాండెమ్ పొడవు వల్ల మామూలు సైకిల్‌లా వెనక చక్రం గాల్లోకి లేవదు, కాబట్టి ముందు బ్రేకుకు భయపడకండి. రిమ్ముల మీద నీళ్లు పోసి మళ్లీ చేయండి. సీట్లు మారి చేయండి. వెనకున్నవాళ్లు ముందస్తుగా చెప్పకుండా "ఆపు" అనాలి, ముందున్నవాళ్లు ప్రశ్నించకుండా ఆపాలి.

ఇందులో ఎవరికైనా చిరాకొస్తే అదీ మంచిదే, ఆ సంగతి గ్రౌండులోనే బయటపడింది. మీ పొత్తుకు కూడా ఒక చిన్న పరీక్ష పెట్టండి: తక్కువ డబ్బుతో, తక్కువ గడువుతో, ఆపే షరతు ముందే రాసుకుని. చిన్న పనిలో ఆగలేని ఇద్దరు పెద్ద పనిలో అసలే ఆగలేరు. ఈ ఆదివారమే కూర్చోండి. కాగితం మీద మొదటి వరస ఎప్పుడు ఆపాలన్నదే కావాలి, లాభాల వాటా రెండో వరసలో రాసుకోవచ్చు.