ఇద్దరి వంటలో పొదుపు: చిన్న వంటగది నుండి గ్రామమునకు ఒక పాఠము

మన పల్లెలలో పెండ్లి జరిగిన కొలది దినములకే పలువురు యువదంపతులు బ్రతుకుదెరువునకై హైదరాబాదు చేరుచున్నారు. అట్టివారు కాపురము పెట్టు పేటలలో మోతీనగర్ ఒకటి. ఇది ఎర్రగడ్డ, సనత్‌నగర్, బోరబండల చెంత నున్నది. జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్, కృష్ణానగర్ ప్రాంతములు ఇచ్చటికి దూరము కావు. చలనచిత్ర నిర్మాణమునందు దినవేతనముపై పనిచేయు కుటుంబములు కూడ ఈ చుట్టుపట్ల పేటలలో కాపురముండును. అద్దెకు తీసికొన్న రెండు చిన్న గదులు, ఒక గ్యాసు పొయ్యి, ఒక కుక్కరు, నాలుగు గిన్నెలు: ఇంతే వారి వంటశాల.

పట్నములోని ఈ చిన్న వంటగదిని గూర్చి పంచాయతీ సభ్యులకేల చెప్పవలెనని మీరు ప్రశ్నింపవచ్చును. అందులకు రెండు కారణములు కలవు. ఆ దంపతులు మన గ్రామముల బిడ్డలే యగుట మొదటి కారణము. పదిమంది భుజించు యింట కనబడని వ్యర్థము ఇద్దరే యున్న యింట తేటగా కనబడుట రెండవ కారణము. పల్లెటింట మిగిలిన అన్నము పశువుల కుడితిలోనికి పోవును, ఎవరును లెక్కింపరు. మేడమీది యింట అదే అన్నము మరునాటి చెత్తబుట్టలో లెక్కకు వచ్చును.

ఈ పాఠమునకై మనము ఒక జంటను ఊహించుకొందము. భర్త షూటింగులలో దీపముల పని చేయును. పని యున్న దినమున కూలి కలదు. లేని దినమున లేదు. భార్య ఇంటివద్ద కుట్టుపని చేయును. ఇద్దరును కలిసి ఒక నెల దినములు వంటలో కొన్ని ప్రయోగములు చేయ నిశ్చయించి, ఫలితములను ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుచున్నారు. ఇందులోని ప్రతి ప్రయోగమును ఏ యింటనైనను చేయదగినదే.

మొదటి ప్రయోగము: కొలత

పుట్టినింట ఎనిమిది మందికి వండి అలవాటుపడిన చేయి ఇద్దరికి వండునప్పుడు కూడ అధికముగనే బియ్యము తీయును. కావున మొదటి వారమంతయు ఒకే గ్లాసుతో బియ్యము కొలిచి, రాత్రి మిగిలిన అన్నమెంతో ప్రతిదినము వ్రాసికొనవలెను. వారము తిరుగునప్పటికి ఆ యింటికి తగిన కొలత యేదో తెలియును.

కొలతకు శాస్త్రము చెప్పు ప్రమాణము కూడ కలదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములను అనుసరించి, దినమునకు 2,000 కిలోకేలరీల ఆహారము తీసికొను వయోజనునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు కావలెను. ఇద్దరికి ముప్పది దినములకు లెక్కకట్టినచో ధాన్యములు 15 కిలోలు, పప్పులు సుమారు 5 కిలోలు, కూరగాయలు 24 కిలోలు, నూనె సుమారు 1.75 లీటర్లు అగును. బరువుపని చేయువారికి ఇంతకన్న ఎక్కువ ఆహారము కావలెను.

మన యిండ్ల పద్దును దీనితో పోల్చిచూచినచో సాధారణముగా బియ్యము ఈ లెక్కను మించియు, పప్పు, కూరలు తగ్గియు ఉండును. అనగా పొదుపునకు తొలిమెట్టు తిండి తగ్గించుట కాదు. మిగిలిపోవు బియ్యమునకును, అధికమగు నూనెకును పోవు పైకమును పప్పునకును కూరకును మరల్చుట. నూనె సీసాపై గీతలు గీచి వారమునకు ఒక గీత చొప్పున దింపుకొన్నచో లెక్క తప్పదు.

రెండవ ప్రయోగము: ఇంధనము

నీరు తెర్లుట మొదలైన పిమ్మట మంట యెంత పెంచినను ఆ నీటి వేడిమి సుమారు 100 డిగ్రీలను దాటదు. అధికముగా మండించిన గ్యాసు నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగును. కావున తెర్లగానే మంట తగ్గించి, గిన్నెపై మూత వేయవలెను. కుక్కరులో ఆవిరి బయటికి పోక ఒత్తిడి పెరుగుటచే వేడిమి సుమారు 120 డిగ్రీల వరకు చేరును. అందువలననే పప్పు త్వరగా ఉడుకును. ఒకే కుక్కరులో క్రింద పప్పు, నడుమ అన్నము, పైన కూరముక్కలు మూడు గిన్నెలుగా పేర్చినచో ఒకే మంటపై మూడును ఉడుకును. కందిపప్పును అరగంటయు, శనగలను రాత్రియంతయు నానబెట్టినచో మంట మరింత కలిసివచ్చును. సిలిండరు మార్చిన తేదీని గోడపై వ్రాసికొన్నచో 14.2 కిలోల గ్యాసు ఎన్ని దినములు వచ్చుచున్నదో తెలియును. పొదుపు జరిగినదా లేదా యని నెలలు గడచిన కొలది ఆ తేదీలే చెప్పును.

మరియొక ప్రయోగము కలదు. తెర్లుచున్న గిన్నెను దింపి, ఎండుగడ్డిగాని పాత బొంతలుగాని దట్టముగా కూరిన పెట్టెలో మూసియుంచినచో, లోని వేడి బయటికి పోక ఆ వేడితోనే వంట పూర్తియగును. మోతీనగర్ దంపతులు దీనిని చేసిచూచినచో అంతగా ఫలింపదు. ఇద్దరికి వండు గిన్నె చిన్నది; చిన్న గిన్నె త్వరగా చల్లబడును. ఏడెనిమిది మందికి వండు పెద్దగిన్నె వేడిని చాలసేపు నిలుపుకొనును. పట్నపు గదిలో ఎండుగడ్డి దొరకదు. పల్లెలో గడ్డివామి పెరటిలోనే యుండును. కనుక ఈ పద్ధతి ఆ చిన్న యింటికన్న మన గ్రామములలోని పెద్ద కుటుంబములకే ఎక్కువ తగినది. అయితే పెట్టెలోనుండి తీసిన వంటకమును తినుటకు ముందు మరల ఒకసారి తెర్లనీయవలెను.

కట్టెలు వాడు ఇండ్లవారు మన రాష్ట్రములోని పాత కృషిని కూడ మరువరాదు. 1950ల దశకమున హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో డాక్టరు ఎస్.పి. రాజు గారు పొగగొట్టముతో కూడిన పొగలేని పొయ్యిని రూపొందించిరి. ఒకే మంట వరుసగా ఒక పాత్రకన్న ఎక్కువ పాత్రలను వేడిచేయును. పొగ ఇంటిలో నిలువక బయటికి పోవును. ఇంధనము పొదుపు, ఇల్లాలి కన్నులకు, ఊపిరితిత్తులకు రక్ష: ఒకే పొయ్యివలన ఈ రెండు మేళ్లును కలుగును.

మూడవ ప్రయోగము: నీరు, గంజి

బియ్యము తెల్లగా కనబడువరకు పలుమారులు కడిగి, అన్నము వార్చి గంజి పారబోయుట మనలో పలువురి అలవాటు. బి వర్గపు విటమినులు నీటిలో కరగునవి. కడుగునప్పుడు కొంత, వార్చునప్పుడు మరికొంత పోవును. బియ్యమునకు వెల చెల్లించి, అందలి సారమును కాలువలో పోయుట ఏమి పొదుపు?

దీనివలని కీడు మనకు చరిత్ర తెలిపినది. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల తీరమున, బాగుగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యము తినువారిలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరున సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఉప్పుడు బియ్యము తినువారిలో ఆ వ్యాధి తక్కువ. వడ్లను ఉడికించునప్పుడు విటమిను గింజలోపలికి చొచ్చి, పాలిష్ పట్టినను కొంత నిలుచుటయే అందులకు కారణము.

కావున బియ్యమును ఒకటి రెండుసార్లు మాత్రమే కడిగి, నీరు కొలిచి పోసి అత్తెసరు పెట్టవలెను. కూరగాయలను కడిగిన పిమ్మట తరుగవలెనే గాని, తరిగిన పిమ్మట కడుగరాదు. ఉడికించిన నీటిని చారులోనో పప్పులోనో కలుపవలెను.

నాలుగవ ప్రయోగము: మిగులు

ఒకసారి రుబ్బిన మినుపపిండి ఇద్దరికి మూడు నాలుగు దినములు వచ్చును. మొదట ఇడ్డెనలు, పిదప దోసెలు, పులుపు హెచ్చిన పిమ్మట ఉల్లిపాయ చేర్చి గుంతపొంగణములు చేసికొన్నచో పిండి వ్యర్థము కాదు. బీరపొట్టు పచ్చడి, ఆనపకాయ చెక్కు పచ్చడి మన పెద్దలు నేర్పినవే. ముల్లంగి ఆకును పప్పులో వేయవచ్చును. కొత్తిమీర కాడలు చారునకు పనికివచ్చును. రాత్రి మిగిలిన అన్నములో నీరును మజ్జిగయు పోసి ఉంచినచో ఉదయమునకు చద్ది సిద్ధమగును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వండిన అన్నమును వేసవివేడిలో గంటలకొలది ఊరక ఉంచినచో హానికరమగు సూక్ష్మజీవులు పెరుగును. అవి విడుచు విషము మరల వేడిచేసినను నశింపకపోవచ్చును. మిగిలిన అన్నమును వెంటనే చల్లార్చి భద్రపరుపవలెను. జిగురు, చెడువాసన కనబడినచో పారవేయవలెను. వైద్యునకిచ్చు పైకముతో పోల్చినచో గుప్పెడన్నము నష్టము గొప్పది కాదు.

ఐదవ ప్రయోగము: సంత

మోతీనగర్ సమీపముననే ఎర్రగడ్డ రైతుబజారు కలదు. రైతు తన పంటను తానే అమ్ముకొను ఈ పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో ఆరంభమైనది. ఇద్దరే యున్న యిల్లు ఆకుకూరలను రెండు దినములకు మించి కొనరాదు. ఋతువులో పండిన కూర చౌక, తాజాగను ఉండును. వారమునకు రెండు మూడు పూటలు జొన్నరొట్టె, రాగిసంకటి చేర్చినచో మరింత మేలు. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. అంతే తూకపు తెల్లబియ్యములో అది 10 మిల్లీగ్రాములకు మించదు.

అసలు పరీక్ష: ఇల్లాలి కంచము

ఈ ప్రయోగములన్నియు చక్కగా జరిగినను ఒక్కచోట పొదుపు పెడత్రోవ పట్టుట కలదు. షూటింగు దినములలో భర్తకు భోజనము ప్రొడక్షను వారే పెట్టుదురు. ఆ దినములలో భార్య తనకొక్కతెకు పప్పేల, కూరేలయని తలచి ఊరగాయతో అన్నము తిని లేచును. పని లేని దినములలో కూలి రాదు కనుక, ఉన్న కూరను భర్తకు వడ్డించి తాను మరల ఊరగాయనే ఆశ్రయించును. నెల చివర పద్దుపుస్తకములో మిగులు కనబడును. ఆ మిగులు ఆమె రక్తమునుండి తీసినది.

ఇది ఊహామాత్రము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు తెలంగాణలో నూటికి 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. క్రొత్తగా పెండ్లియైన స్త్రీ త్వరలో తల్లి కావచ్చును. రక్తహీనతతో గర్భము ధరించినచో తల్లికిని ప్రమాదము. శిశువు తక్కువ బరువుతో పుట్టుటకును అవకాశము కలదు. గర్భము నిలిచిన పిదప మేలుకొనుటకన్న ముందుగా జాగ్రత్తపడుట మేలు.

కావున ఆ దంపతుల పుస్తకములో మరియొక వరుస చేర్పవలెను: "నేడు ఇల్లాలు పప్పు తిన్నదా, ఆకుకూర తిన్నదా?" మొదటి నాలుగు ప్రయోగముల వలన మిగిలిన పైకము ఈ వరుసను నింపుటకే వినియోగపడవలెను. భర్త ఇంట నున్న దినమున తానే వండి, ఇద్దరును ఒకేసారి కూర్చుండి భుజింపవలెను. పప్పుపైనను ఆకుకూరపైనను నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము దేహమునకు ఎక్కువగా పట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో ఆ ఇనుము తగ్గిపోవును. పులుపు కూరలను ఇనుప మూకుడులో వండినచో ఆహారములో ఇనుము కొంత పెరుగును. గ్రుడ్డు తినువారికి అది చౌకయైన మాంసకృత్తుల ఆహారము. వైద్యులు ఇచ్చు ఇనుము మాత్రలకు ఇవి తోడు మాత్రమే గాని బదులు కావు.

పంచాయతీ చేయదగిన పనులు

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలులో 29 విషయములను పేర్కొన్నది. ఇంధనము, స్త్రీ శిశు సంక్షేమము, ప్రజాపంపిణీ వ్యవస్థ వానిలోనివే. కనుక వంటగది పంచాయతీకి పరాయి విషయము కాదు. సభ్యులు ఈ క్రింది పనులను పూనుకొనవచ్చును.

1. స్వయంసహాయక సంఘముల కూటములలో నెలకొకమారు వంట ప్రదర్శన ఏర్పరుపుడు. అత్తెసరు, గడ్డిపెట్టె, మూడు గిన్నెల కుక్కరు కన్నులయెదుట చూపుడు. యువకులను కూడ పిలువుడు.

2. గ్రామ నర్సరీ యున్నచోట మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి మొక్కలను క్రొత్తగా కాపురము పెట్టిన యిండ్లకు ముందుగా ఇండు.

3. రేషను దుకాణమున తూకము సరిగానున్నదో లేదో సభ్యులు స్వయముగా పరిశీలింపుడు.

4. గర్భిణీ స్త్రీలు, బాలింతలు అంగన్‌వాడీకి వచ్చి భుజించుచున్నారో లేదో కనుగొనుడు. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము వారికి ఒకపూట పూర్తి భోజనమును ఉద్దేశించినది. అత్తగారును, భర్తయు ఒప్పుకొనక రానివారుండినచో పెద్దలు నచ్చజెప్పవలెను.

5. పట్నము పోవు క్రొత్త జంటలకు ఈ కొలతల పట్టికను ఒక కాగితముపై వ్రాసి ఇండు. క్రొత్త పేటలోని అంగన్‌వాడీని, ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమును వెదకి పేరు నమోదు చేసికొనుమని చెప్పుడు.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

మన గ్రామమున ఎన్ని యిండ్లలో గంజి పారబోయుచున్నారు? ఎన్ని యిండ్లలో స్త్రీలు అందరి భోజనములైన పిమ్మట మిగిలినది తినుచున్నారు? గత ఏడాది పెండ్లియైన స్త్రీలలో రక్తపరీక్ష జరిగినవారెందరు? ఈ మూడు ప్రశ్నలకు వార్డు సభ్యులు తమ తమ వార్డులలో విచారించి, వచ్చు గ్రామసభనాటికి సమాధానములు తెచ్చినచో మా పాఠము సార్థకమైనదని సంతసింతుము.