కంప్యూటర్‌తో కాయిన్లు తవ్వుతానని మీ బాబు అడిగితే...



క్రితం నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి బాబు వాళ్ళ అమ్మగారు మార్కుల కాగితం పక్కన పెట్టి నన్నొక ప్రశ్న అడిగారు. వాళ్ళాయన దుబాయిలో ఉంటారు. బాబు రోజూ ఫోన్‌లో తండ్రిని గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న కంప్యూటర్ కొనివ్వమంటున్నాడట. "గేమ్స్ కోసం కాదు డాడీ, రాత్రంతా ఆన్‌లో ఉంచితే అదే కాయిన్లు సంపాదిస్తది. ఏడాదిలో దాని ఖర్చు అదే తీర్చుకుంటది. మందుల పరిశోధనకు కూడా పనికొస్తది" అంటున్నాడట. "ఇందులో నిజమెంత సార్? నేను వద్దంటే నీకేం తెలుసు మమ్మీ అంటాడు" అన్నారామె.

ఆ బాబు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అందుకే "వద్దు" అన్న ఒక్క మాటతో ఇది తేలదు. కాగితం, పెన్ను, మీ ఇంటి కరెంటు బిల్లు ముందు పెట్టుకుని బాబుతోనో పాపతోనో కలిసి లెక్క వేయాలి. ఎనిమిదో తరగతి లెక్కలు వస్తే చాలు.

మైనింగ్ అంటే ఏమిటి?

క్రిప్టో కాయిన్‌కు బ్యాంకు ఉండదు. ఎవరు ఎవరికి ఎంత పంపారన్న ఖాతా పుస్తకం వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. అందులో కొత్త పేజీ రాసే హక్కు ఎవరిదో తేల్చడానికి ఒక పోటీ పెడతారు. నంబర్ లాక్ ఉన్న సూట్‌కేస్‌ను ఊహించుకోండి. నంబర్ తెలియకపోతే ఒక్కొక్కటే తిప్పి చూడాలి, గంటలు పడుతుంది. కానీ ఎవరో నంబర్ చెబితే అది సరైనదా కాదా అన్నది ఒక్క క్షణంలో తేలిపోతుంది. బిట్‌కాయిన్ మైనింగ్ ఇలాంటిదే. కంప్యూటర్లు అంచనాలు వేస్తూనే ఉంటాయి. ముందుగా కలిసినవారికి కొత్త కాయిన్లు వస్తాయి. ఆ శ్రమ ఖాతా పుస్తకాన్ని ఎవరూ దిద్దకుండా కాపాడుతుంది, అది నిజమే. కానీ దొరికిన ఆ అంకె ఇంకెవరికీ, ఇంక దేనికీ అక్కరకు రాదు. అన్ని యూనిట్ల కరెంటు కాల్చి తెచ్చింది ఒక అంకె!

ఈ విమర్శకు రెండు రకాల జవాబులు వచ్చాయి. తక్కువ కరెంటు తినే మిషన్లు తయారు చేద్దామన్నది ఒకటి. ఎలాగూ లెక్క చేయాలి కాబట్టి ఏదైనా పనికొచ్చే లెక్కే చేయిద్దామన్నది రెండోది. బిట్‌కాయిన్ కాకుండా వచ్చిన ఇతర కాయిన్లలో కొన్ని ఈ రెండిట్లో ఏదో ఒకటి చెప్పుకున్నవే.

రికవరీ పెరిగితే లాభం పెరుగుతుందా?

మన దగ్గర చెరకు వేసే కుటుంబాలకు రికవరీ అన్న మాట వివరించనక్కర్లేదు. టన్ను చెరకుకు ఎంత పంచదార దిగిందన్నదే లెక్క. మైనింగ్ మిషన్‌కూ అలాంటి రికవరీ ఉంది. లక్ష కోట్ల అంచనాలు వేయడానికి ఎంత కరెంటు తిన్నది? 2016 నాటి పేరున్న బిట్‌కాయిన్ మిషన్‌కు సుమారు 100 జౌళ్ళు పట్టేది. అదే కంపెనీ 2023లో ప్రకటించిన మిషన్‌కు 17.5 జౌళ్ళు చాలు. అంటే ఐదో వంతు కన్నా తక్కువ.

మరి అందరి కరెంటు ఖర్చూ ఐదో వంతుకు తగ్గాలి కదా? తగ్గదు. ఎందుకో మన జిల్లాలో బోర్లు వేయించిన ఏ రైతును అడిగినా చెబుతారు. పక్క చేనులో 300 అడుగులు వేస్తే మనం 400 వేశాం. ఆయన 500కు దిగాడు. మోటార్లు మంచివే వచ్చాయి, నీళ్ళు మాత్రం పెరగలేదు. మైనింగ్‌లోనూ అంతే. రోజుకు పుట్టే కాయిన్ల సంఖ్య నియమం ప్రకారం స్థిరంగా ఉంటుంది. మంచి మిషన్లు ఎక్కువయ్యేకొద్దీ తాళం కష్టమయ్యేలా ప్రోగ్రామే సర్దుకుంటుంది. కొత్త మిషన్ ఉన్నవాడికి కొన్నాళ్ళు లాభం, పాత మిషన్ ఉన్నవాడికి బిల్లు.

మోనెరో అనే కాయిన్ 2019 నవంబర్‌లో తన లెక్కను మామూలు కంప్యూటర్ ప్రాసెసర్లకే అనువుగా మార్చుకుంది, పెద్ద మిషన్లవాళ్ళు ముందుకు పోకుండా. 2021లో వచ్చిన చియా కరెంటుకు బదులు హార్డ్‌డిస్క్‌లో ఖాళీ జాగాను పోటీకి పెట్టింది. కరెంటు ఆదా అయిన మాట నిజమే. కానీ హార్డ్‌డిస్క్‌లకు గిరాకీ పెరిగింది, ఆ జాగాను సిద్ధం చేసే పనిలో ఎస్‌ఎస్‌డీలు త్వరగా అరిగిపోయాయి. ఇక గ్రాఫిక్స్ కార్డులకు అసలైన ఆదాయం ఇచ్చిన ఇథీరియం 2022 సెప్టెంబర్ 15న మైనింగే మానేసింది. దాని కరెంటు వాడకం 99 శాతానికి పైగా పడిపోయింది. పిల్లలు చూసే వీడియోల్లో కొన్ని ఆ తేదీకి ముందువి కావచ్చు. వీడియో కింద తేదీ చూడమని మీ బాబుకు చెప్పండి. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే సలహా ఇదే.

పిప్పి వృథా పోకూడదు

రెండో జవాబు నాకు చాలా ఇష్టం. శక్కర్‌నగర్ వైపు పెరిగినవారికి ఇది కొత్త ఆలోచన కాదు. 1937లో మొదలై 2015లో మూతపడిన మన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో మీ ఇంటి పెద్దలు ఎవరైనా పనిచేసి ఉంటే పిల్లలతో చెప్పించండి: రసం తీసిన తర్వాత మిగిలే పిప్పిని పారేయరు. బాయిలర్‌లో వేస్తారు. ఆ ఆవిరితోనే మిల్లు తిరుగుతుంది, రసం మరుగుతుంది. ఒక పనిలో మిగిలింది ఇంకో పనికి ఇంధనం. మైనింగ్ శ్రమను కూడా అలా వాడుకోలేమా?

2013లో ప్రైమ్‌కాయిన్ అనే కాయిన్ ఆ ప్రయత్నం చేసింది. అందులో కంప్యూటర్లు ఊరికే అంచనాలు వేయవు, ప్రధాన సంఖ్యల గొలుసులు వెతుకుతాయి. ఆరో తరగతి పాపకు కూడా అర్థమయ్యే లెక్క ఇది. 2తో మొదలుపెట్టండి. రెట్టింపు చేసి ఒకటి కలపండి: 5. మళ్ళీ అలాగే: 11. తర్వాత 23, తర్వాత 47. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆ తర్వాత 95. అది 5 ఇంటూ 19, గొలుసు అక్కడ తెగింది. ఇలాంటి వాటిని కన్నింగ్‌హామ్ గొలుసులు అంటారు. పెద్ద పెద్ద అంకెలతో పొడవైన గొలుసు దొరకడం చాలా కష్టం. దొరికిందని ఎవరైనా చూపిస్తే సరిచూడటం తేలిక. సూట్‌కేస్ తాళం లాంటిదే, కానీ దొరికిన అంకె గణితానికి మిగులుతుంది.

మందుల పరిశోధనకు కూడా ఇలాగే చేయవచ్చు కదా అని మీ బాబు అడుగుతాడు. అక్కడే చిక్కు ఉంది. శరీరంలోని ప్రొటీన్ ఎలా ముడుచుకుంటుందో లెక్కించిన కంప్యూటర్ సరిగ్గా చేసిందో లేదో చూడాలంటే దాదాపు ఆ లెక్కంతా మళ్ళీ చేయాలి. చేయడం కష్టం, సరిచూడటమూ కష్టమే. పైగా ఆ లెక్కలు ఎవరో ఒక యూనివర్సిటీ వారు పంచిపెట్టాలి. ఎవరినీ నమ్మనక్కర్లేదన్న కాయిన్ మూలసూత్రమే అక్కడ పోతుంది. అందుకే 2013లోనే మొదలైన గ్రిడ్‌కాయిన్ మధ్యేమార్గం పట్టింది. ఖాతా పుస్తకం కాపాడే పద్ధతి వేరు, పరిశోధన లెక్కలు చేసినవారికి పైన బహుమతిగా కొన్ని కాయిన్లు ఇవ్వడం వేరు. అంటే మీ బాబు చెప్పినట్టు పరిశోధనకు పనికొచ్చే కాయిన్ ఉన్న మాట నిజం. అది కంప్యూటర్ ఖర్చు తీరుస్తుందన్న మాటను మాత్రం బిల్లు ముందు పెట్టి చూడాలి.

ఇప్పుడు మన మీటర్ దగ్గరికి వద్దాం

గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న కంప్యూటర్ మైనింగ్ చేస్తూ 200 వాట్లు తింటుందనుకుందాం. 24 గంటలకు 4.8 యూనిట్లు. 30 రోజులకు 144 యూనిట్లు.

మీ ఇంటి వాడకం నెలకు 130 యూనిట్లు అనుకోండి. 2022-23 నుంచి ఉన్న గృహ టారిఫ్‌తో లెక్క వేస్తున్నాను. మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున 340 రూపాయలు, మిగతా 30కి 4.80 చొప్పున 144. మొత్తం 484. ఫిక్స్‌డ్ చార్జీల వంటివి వదిలేస్తున్నాను. మైనింగ్ మొదలుపెడితే వాడకం 274 అవుతుంది. 200 దాటింది కాబట్టి పాత రేటు పోయి మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, అంటే 1,020. మిగతా 74కు 7.70 చొప్పున 569.80. మొత్తం 1,589.80. పెరిగింది 1,105.80 రూపాయలు. మన పిల్లలు చాలామంది 144ను 4.80తో గుణించి 691 అంటారు. స్లాబ్ మారితే కింది యూనిట్ల రేటు కూడా మారుతుందన్న సంగతి వదిలేస్తారు.

గృహజ్యోతి వస్తున్న ఇళ్ళకు దెబ్బ ఇంకా పెద్దది. 200 యూనిట్ల లోపు ఉన్నంతవరకే సున్నా బిల్లు. దాటిన నెల 1,589.80 మొత్తం కట్టాల్సిందే. వేసవిలో కూలర్ సంగతి నేను చెప్పడం లేదు, ఆ గదిలో కంప్యూటర్ వేడికి అది కూడా ఎక్కువే తిరుగుతుంది.

ఆదాయం వైపు ఏం రాయాలో మీ బాబునే రాయమనండి, ఆ రోజు రేటు చూసి. రాశాక అందులోంచి పన్ను తీసేయమనండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయనివ్వరు. మైనింగ్ కోసం పెట్టిన మిషన్ల ఖర్చును కూడా కాయిన్ కొన్న ధరగా ఒప్పుకోమని కేంద్రం 2022 మార్చిలో పార్లమెంటుకు చెప్పింది. 18 ఏళ్ళు నిండని పిల్లలకు మన ఎక్స్చేంజీలు ఖాతా ఇవ్వవు కాబట్టి ఇదంతా వచ్చి పడేది మీ పాన్ నంబర్ మీదే.

మిషన్ కొనక్కర్లేదు, మా మిషన్‌లో వాటా తీసుకోండి అనే యాప్‌లు ఇంకో రకం. హెచ్‌పీజెడ్ టోకెన్ అనే యాప్ కేసు పేపర్లలో చదివే ఉంటారు. బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్లలో పెట్టుబడి అని చెప్పి, 57,000 రూపాయలు పెడితే మూడు నెలల పాటు రోజుకు 4,000 ఇస్తామన్నారని, ఒక్కసారి మాత్రమే చెల్లించారని ఈడీ ప్రకటించింది. 4,000ను 90తో గుణించమని పిల్లలకు చెప్పండి. 3,60,000. మూడు నెలల్లో ఆరు రెట్లకు పైన! ఇది తెలిసినవారి వాట్సాప్ నుంచి వచ్చినా సరే, డబ్బు పంపకండి. పంపేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మరి ఆ బాబుకు ఏం చెప్పాను?

పరిశోధనకు సాయపడాలన్న కోరిక నిజమైతే కొత్త కంప్యూటర్ అక్కర్లేదు, కాయిన్ కూడా అక్కర్లేదు అన్నాను. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ తయారుచేసిన బోయింక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ ఖాళీ సమయాన్ని శాస్త్రవేత్తలకు ఇవ్వొచ్చు. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టులో 2010లో అమెరికాలోని ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీలోని ఒకరి కంప్యూటర్ కలిసి కొత్త పల్సార్ నక్షత్రాన్ని పట్టుకున్నాయి. కరోనా కాలంలో ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కు ప్రపంచం నలుమూలల నుంచి లక్షల మంది తమ కంప్యూటర్లు ఇచ్చారు. వారిలో చాలామందికి ఒక్క పైసా రాలేదు.

60 వాట్ల ల్యాప్‌టాప్ రోజూ రెండు గంటలు నడిపితే నెలకు 3.6 యూనిట్లు. 5 వాట్ల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు పగలూ రాత్రీ నడిచినా అంతే, 3.6. చాలా ఇళ్ళకు దీనితో స్లాబ్ మారదు. ప్రోగ్రామ్‌ను అసలు సైట్ నుంచే, మీరు పక్కన ఉండి ఎక్కించండి. ఉచితంగా దొరికే దొంగ గేమ్‌లలో కొన్ని, ఎవరికో కాయిన్లు తవ్విపెట్టే ప్రోగ్రామ్‌ను దొడ్డిదారిన కంప్యూటర్‌లోకి తెస్తాయి. ఏ పనీ చేయకుండానే ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే అనుమానించండి.

వాళ్ళ అమ్మగారు మొన్న ఫోన్ చేశారు. బాబు గ్రాఫిక్స్ కార్డ్ మాట పూర్తిగా మానలేదట, కానీ ఇప్పుడు గేమ్స్ కోసమే అని ఒప్పుకుంటున్నాడట! అది మీ ఇంటి చర్చ, నేను కలగజేసుకోను.

ఈ నెల ఇంటి పని, మీరూ మీ పిల్లలూ కలిసి చేయండి. మొదటిది: మీ గత నెల బిల్లులో యూనిట్లకు 144 కలిపి, కొత్త బిల్లు ఎంతో స్లాబుల ప్రకారం లెక్కించండి. రెండోది: 89తో మొదలుపెట్టి, రెట్టింపు చేసి ఒకటి కలుపుతూ వెళ్ళండి. 179, 359, 719... గొలుసు ఏ సంఖ్య దగ్గర తెగుతుంది, ఆ సంఖ్య దేనితో భాగింపబడుతుంది? రెండు జవాబులూ ఒకే కాగితంపై రాసి వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి.