కార్ఖానా ప్రమాదం: మొదటి రోజు కాగితం

పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, అటు పరవాడ, అచ్యుతాపురం. మన ఇళ్ళలోని కుర్రాళ్ళు ఎందరో ఈ పారిశ్రామికవాడల్లో రియాక్టర్ల దగ్గర, డ్రమ్ములు దించే చోట, మందులు ఆరబెట్టే గదుల్లో పని చేస్తున్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు యాభై మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది, కొందరి ఆనవాళ్ళే దొరకలేదు. రెండు చోట్లా మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు.

అదే పారిశ్రామికవాడలో ఒక మామూలు రోజున ఒక్కరి బొటనవేలు యంత్రంలో పోయినా, ఒక్కరి కంట్లో యాసిడ్ పడినా ఏ ప్రకటనా రాదు. అతనికి దక్కేది చట్టం ఇచ్చినదే, అదీ అడిగితేనే. ఎలా అడగాలో తెలియక పోగొట్టుకుంటున్న కుటుంబాల కోసమే మేము ఇది రాస్తున్నాం.

పనిలో గాయపడినవారికి యజమాని నష్టపరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది గాని లెక్క కట్టే పద్ధతి అదే. చనిపోతే నెల జీతంలో సగాన్ని, పూర్తిగా పనికిరాని స్థితి వస్తే 60 శాతాన్ని, వయసును బట్టి ఇచ్చిన ఒక అంకెతో గుణిస్తారు. 30 ఏళ్ళవాడికి ఆ అంకె 207.98. నెలకు 12,000 జీతం ఉన్న 30 ఏళ్ళ మనిషి చనిపోతే కుటుంబానికి రావలసింది 12,47,880 రూపాయలు. బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం వైకల్యంగా లెక్కిస్తారు. అదే జీతం, అదే వయసు అయితే సుమారు నాలుగున్నర లక్షలు. చాలామంది పదివేలకో ఇరవైవేలకో సంతకం పెట్టి ఇంటికి వచ్చేస్తున్నారు.

"తప్పు నీదే, గ్లవ్స్ వేసుకోలేదు" అన్న మాటకు బెదిరిపోవద్దు. యజమాని తప్పు ఉందని నిరూపించనవసరం లేదు, పని చేస్తుండగా పని వల్ల దెబ్బ తగిలితే చాలు. కావాలని రక్షణ సాధనాన్ని తీసేశాడన్న వాదన చిన్న గాయాల్లో చెల్లవచ్చు గాని, మరణంలోనూ శాశ్వత పూర్తి వైకల్యంలోనూ చెల్లదు. అలాగే "అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అన్నా కంపెనీ తప్పించుకోలేదు. ముందు కంపెనీ ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి.

ఇంత హక్కు ఉండి కూడా చేజారేది ఎక్కువగా మొదటి రోజునే. గాయపడినవాడిని ఆసుపత్రికి తెచ్చిన సూపర్‌వైజరు "బండి మీద నుంచి పడ్డాడు" అని రాయిస్తాడు. నొప్పితో ఉన్నవాడు అడ్డు చెప్పలేడు. ఆ ఒక్క వాక్యం తర్వాత ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. కాబట్టి వెంట వెళ్ళినవారు ఎవరైనా సరే, ఏ కంపెనీలో, ఏ షిఫ్టులో, ఏ యంత్రం దగ్గర దెబ్బ తగిలిందో డాక్టరుకు చెప్పి రాయించాలి. దీన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. గేటు పాసు, హాజరు కార్డు, జీతం పడిన బ్యాంకు పాసుబుక్కు, పక్కన పని చేసినవారి ఫోన్ నంబర్లు ఆ రోజే తీసి పెట్టాలి. కాంట్రాక్టు కూలీకి తాను అక్కడ పని చేశానని చెప్పే కాగితం తరచుగా ఆ గేటు పాసు ఒక్కటే.

మరణం జరిగినప్పుడు మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. త్వరగా దఫన్ చేయాలన్న తొందరలో పోస్ట్‌మార్టం వద్దని పెద్దలే పోలీసులను బతిమాలుతారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. అయినా కార్ఖానా మరణంలో ఆ నివేదిక లేకపోతే మరణానికి పని కారణమని చూపడం చాలా కష్టమవుతుంది. ఆ కొద్ది గంటలు ఓపిక పట్టమని మా మనవి. ఇక ఇద్దత్ నాలుగు నెలల పది రోజుల్లో భార్య గడప దాటదని తెలిసి, మధ్యవర్తులు ఇంటికే వచ్చి స్టాంపు కాగితం మీద సంతకం అడుగుతారు. పెట్టవద్దు. మరణ పరిహారాన్ని యజమాని కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి, నేరుగా చేతికిచ్చిన సొమ్ము పరిహారం కింద లెక్కకు రాదు. దరఖాస్తుకు రెండేళ్ళ గడువుంది, ఇద్దత్ పూర్తయ్యాక కూడా చాలినంత సమయం ఉంటుంది.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా దరఖాస్తులు అక్కడే ఆగుతాయి. ఆధార్‌లో షేక్ ముందు, కంపెనీ రిజిస్టరులో వెనుక, నికాహ్‌నామాలో అసలు లేకుండా. మనిషి బతికుండగానే ఈ మూడూ ఒకేలా సరిచేయించుకోవడం మంచిది.

ఈఎస్ఐ ఉన్నవారి దారి వేరు. వారికి యజమాని నుంచి ఏకమొత్తం రాదు, ఈఎస్ఐ నుంచే ప్రయోజనాలు వస్తాయి. పనిలో గాయానికి జీతంలో 90 శాతం, చనిపోతే భార్యాపిల్లలకు నెలనెలా భృతి. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా ఇది వర్తిస్తుంది. ఏ దారిలో వెళ్ళాలో తేలాలంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: కార్డు ఉందా?

మనలాంటి సంఘాలు కూడా ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రమాదంలో పోయిన మనిషి ఇంటికి బియ్యం, కుట్టుమిషను, కొంత జకాత్ సొమ్ము పంపి మన పని అయిందనుకుంటున్నాం. ఆ ఇంటికి న్యాయంగా రావలసిన పన్నెండు లక్షలు యజమాని దగ్గరే ఉండిపోతే, మన సొమ్ము ఒక విధంగా అతని అప్పును తీర్చినట్టే. బియ్యంతో పాటు కాగితాలు చూడగల ఒక మనిషినీ పంపాలి.

దూరం అడ్డం కాదు. ప్రమాదం పాశమైలారంలో జరిగినా కర్నూలులో ఉంటున్న భార్య కర్నూలు కార్మిక శాఖ కార్యాలయంలోనే దరఖాస్తు ఇవ్వవచ్చు. నెల దాటి ఆలస్యమైతే 12 శాతం వడ్డీ కూడా దానిలోనే అడగాలి.