పరిచిత పదాలు, అపరిచిత అర్థాలు: ఖరగ్‌పూరులో వంగభాషాభ్యాసం

ఖరగ్‌పూరులో ఒక బెంగాలీ ఉపాధ్యాయుడు తెలుగు విద్యార్థి తండ్రితో "ఛేలేర్ చేష్టా ఆఛే" అన్నాడనుకొందాము. పిల్లవాడు శ్రద్ధగా కృషి చేస్తున్నాడని ఆయన మెచ్చుకొన్నాడు. బెంగాలీ అంతంతమాత్రంగా వచ్చిన తండ్రికి వినిపించినది కొడుకు చేష్టలు! ఇంటికి చేరిన తరువాత ఆ పిల్లవానికి ఏమి దక్కుతుందో ఊహించవచ్చును.

రెండవ భాష నేర్చుకొనేవానికి తెలియని మాట పెద్ద చిక్కు కాదు, అడిగి తెలుసుకొంటాడు. తెలిసినదేనని నమ్మిన మాటయే అతనిని మోసగిస్తుంది.

1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఖరగ్‌పూరులో పెద్ద వర్క్‌షాపును నెలకొల్పినది. ఉత్తర కోస్తా జిల్లాల నుండి తెలుగు కార్మికులు కుటుంబాలతో తరలివచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారి పిల్లలకు ఇంట తెలుగు, రైల్వే కాలనీలో హిందీ, బజారులో బెంగాలీ చెవినిబడతాయి.

వాక్యనిర్మాణంలో బెంగాలీ మనకు పరాయిది కాదు. "ఆయన గార్డు" అన్న వాక్యంలో క్రియ లేదు; బెంగాలీలోను "ఉని గార్డ్" అంటే చాలును. హిందీలోనైతే చివర క్రియను చేర్చక తప్పదు. కుర్చీ స్త్రీలింగమా, పుంలింగమా అని కూడ ఆలోచించాలి. బెంగాలీలో ఆ బాధ లేదు. మనం "నీళ్ళు గీళ్ళు" అంటే వారు "జొల్ టొల్" అంటారు. మనుషులను 'ఇద్దరు' అని, పుస్తకాలను 'రెండు' అని మనం వేరుగా లెక్కించినట్లే వారు 'దుజొన్', 'దుటో' అని లెక్కిస్తారు. భిన్న కుటుంబాలకు చెందిన భారతీయ భాషల మధ్య గల ఇటువంటి పోలికలనే ఎమెనో పండితుడు 1956లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో విశదీకరించినాడు.

ఇంత చనువున్న చోటనే కాలు జారుతుంది. ఉభయభాషలకు సంస్కృతం పంచి ఇచ్చిన మాటలు ఒక్కొక్క ఇంట ఒక్కొక్క విధంగా పెరిగినవి. మన ఉపన్యాసం వేదికపై వినేది. వారి ఉపన్యాసం చదువుకొనే నవల. మన ఆలోచన మనస్సులో సాగితే, వారి 'ఆలోచనా' పదిమంది కూర్చుని చేసే చర్చ. మనకు ఆగ్రహం కోపం, వారికి ఆసక్తి; వారికి కోపం 'రాగ్'! అన్నిటికంటె సున్నితమైనది 'అభిమానం'. బెంగాలీలో అది ఆత్మీయులు నొప్పించినప్పుడు కలిగే మూగబాధ. 'అలక' దాని దరిదాపులకు వస్తుంది గాని సరితూగదు. "అభిమానం దెబ్బతిన్నది" అని మనం అనే సందర్భాన్ని తలచుకొంటే ఆ అర్థానికి దారి కొంత కనిపిస్తుంది.

ఉచ్చారణ మరొక మెట్టు. లక్ష్మి అక్కడ 'లొక్ఖి'. వాడుకలో ఒత్తక్షరాలను తేల్చివేసే మన అలవాటు అక్కడ చెల్లదు: 'కాల్' అంటే రేపు లేదా నిన్న, 'ఖాల్' అంటే కాలువ. తెలుగు నేర్చుకొనే బెంగాలీ మిత్రునికి ఇదే ఇబ్బంది మరొక రూపంలో ఎదురవుతుంది. ఆయన భాషలో హ్రస్వదీర్ఘ భేదం అర్థాన్ని మార్చదు గనుక, నెలకు నేలకు గల తేడా చెవికి అందదు.

బెంగాలీ త్వరగా పట్టుబడుతుందని పిల్లలచేత తెలుగు అక్షరాలు మాన్పించడం పొరపాటని నా అభిప్రాయం. ఒక మాట రెండుచోట్ల రెండు అర్థాలిస్తుందని గ్రహించడానికి మొదటి అర్థం స్థిరంగా తెలిసి ఉండాలి. మూడు భాషలు మాట్లాడగలిగి, తెలుగు చదవలేని బాలునికి ఆ ఆధారం సన్నగిల్లుతుంది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఆమోదించినది. తరగతిగదిలో చేయవలసిన పని వేరే ఉన్నది.

అందుకు ఖర్చు లేని పద్ధతి ఒకటి కలదు. నోటుపుస్తకంలో ఒక మాటను రెండు లిపులలోను వ్రాయించి, ఎదుట రెండు అర్థాలు వ్రాయించాలి. 'శిక్ష' వద్ద ఒకవైపు దండన, మరొకవైపు చదువు. 'చేష్ట' మొదటి పుటలోనే ఉంటే మంచిది. దానిని పిల్లవాడు ఇంట్లో తండ్రికి చదివి వినిపించవచ్చును.