బోరు నీళ్లకు రంగు పరీక్ష

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పల్లెల్లో ఆడవాళ్లు నీళ్లను నోటితోనే పరీక్ష చేస్తారు. "ఈ బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి, ఆ బోరువి తియ్యగా ఉన్నాయి" అంటారు. వంటింట్లో ఇంకో పరీక్ష ఉంది. పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. అవి కఠినమైన నీళ్లని తెలిసిపోతుంది.

ఈ పరీక్షలు మంచివే. కానీ వీటికి ఫ్లోరైడ్ దొరకదు. దానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. తియ్యటి నీళ్లలో కూడా ఉండవచ్చు.

ఫ్లోరైడ్ రాయి నుంచి వస్తుంది. ఈ సీమలో వానలు తక్కువ. నీళ్లు నేల కింద రాతి నెర్రెల్లో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. రాయిలోని ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా నీళ్లలో కలుస్తుంది.

"మా అవ్వ, తాత ఈ ఊరి నీళ్లే తాగినారు కదా, వాళ్లకేం కాలేదే?" అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. అవ్వ తాగింది చేదబావి నీళ్లు. వాన పడితే బావిలో కొత్త నీళ్లు చేరేవి. ఇప్పుడు తాగేది వందల అడుగుల లోతు నీళ్లు. అయితే పాత బావులన్నీ మంచివని కాదు. నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును డాక్టర్లు 1937లోనే గుర్తించారు.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించితే ముందు పిల్లల పళ్లు చెబుతాయి. పాలపళ్లు ఊడి వచ్చిన కొత్త పళ్ల మీద తెల్ల మచ్చలు, పసుపు గారలు కనిపిస్తాయి. ఎంత తోమినా పోవు. పళ్లు సరిగా తోమలేదని పిల్లను కొట్టే తల్లులున్నారు. తప్పు పిల్లది కాదు, నీళ్లది! చాలా ఏళ్లు తాగితే కీళ్లు, నడుము బిగుసుకుపోతాయి. వంగిన నడుమును మందులు నిలబెట్టలేవు.

కాచితే పోతుందా? పోదు. కాచితే క్రిములు చస్తాయి. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే మిగులుతుంది.

మరి ఎలా తెలుసుకోవాల? 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని పెట్టారు. బోరును కాసేపు పారనివ్వాలి. ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపాలి. కిట్టులోని గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేయాలి. గులాబీ రంగు నిలిస్తే ఫ్లోరైడ్ తక్కువ. పసుపు వైపు తిరిగేకొద్దీ ఎక్కువ. కార్డు మీది రంగుతో పోల్చి అంకె చదవాలి. అంకెలు వచ్చిన అక్కకు ఇదేం కష్టం కాదు.

తేదీ, బోరు పేరు, అంకె నోటుబుక్కులో రాసుకోవాలి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి. ఒకే బోరులో అంకె మారుతుంటుంది.

అంకె 1.5 దాటితే ఆ నీళ్లు బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చు. తాగడానికే కాదు, వంటకూ వద్దు. సంగటిలో, పప్పులో పోసిన నీళ్లు కూడా కడుపులోకే పోతాయి. 1995లో సత్యసాయి ట్రస్టు చేపట్టిన పథకంతో అనంతపురం జిల్లాలో 700 పైగా ఊళ్లకు మంచినీళ్లు ఇచ్చే ఏర్పాటు జరిగింది. అలాంటి కొళాయి దగ్గరలో ఉంటే తాగే బిందె అక్కడే పట్టుకోవాలి. లేకపోతే నోటుబుక్కు తీసుకుని పంచాయతీకి పోవాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఆ నీళ్లను మళ్లీ పరీక్ష చేయించమని అడగాలి.