ఆరిపోయిన ల్యాండింగ్ లైటు... ఏఎంఈకి తొలి పాఠం

13 వోల్టులు, 100 వాట్లు, ఆయుష్షు 25 గంటలు! పాత సెస్నా, పైపర్ విమానాల్లో దశాబ్దాలుగా వాడిన 4509 రకం ల్యాండింగ్ లైటు లెక్క ఇది. బైక్ హెడ్‌లైటు 25 గంటలకే మాడిపోతే షాపువాడితో గొడవకు దిగుతాం. విమానంలో మాత్రం దీన్ని మామూలుగానే తీసుకున్నారు. తక్కువ కరెంటుతో రన్‌వే మీదికి దూరంగా వెలుగు పడాలంటే ఫిలమెంటును విపరీతంగా కాల్చాల్సిందే. దానికి ఇంజిన్ అదురు తోడు.

ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి విమాన రంగం వైపు చూసే విద్యార్థుల్లో చాలామందికి పైలట్ ఉద్యోగమే కనిపిస్తుంది. విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేసి సంతకం పెట్టే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్, అంటే ఏఎంఈ, గురించి తెలిసింది తక్కువ. ఆ పని స్వభావం తెలియాలంటే ఈ లైటే మంచి ఉదాహరణ.

ఏ లైటు ఎందుకు?

1938లో వచ్చిన పైపర్ జె-3 కబ్‌లో అసలు కరెంటు ఏర్పాటే లేదు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసేవారు. తర్వాతి చిన్న విమానాల్లో బ్యాటరీ, జనరేటర్‌తోపాటు లైట్లూ వచ్చాయి. దిగేటప్పుడు రన్‌వే చూపేది ల్యాండింగ్ లైటు. నేల మీద నడిచేటప్పుడు దగ్గరి దారి చూపేది ట్యాక్సీ లైటు. సెస్నా 172 మోడళ్లలో కొన్నింటికి ఇవి ముక్కు దగ్గర, కొన్నింటికి ఎడమ రెక్క ముందు అంచున ఉంటాయి. ముక్కు దగ్గరైతే ఇంజిన్ అదురంతా బల్బు మీదే.

బల్బు మార్చడమే రిపేరు కాదు

లైటు మసకగా వెలుగుతోందని ఫిర్యాదు వచ్చిందనుకుందాం. కొత్త బల్బు వేసినా అంతే. ఇక్కడే ఏఎంఈ బుర్రకు పని. 100 వాట్ల లైటు సుమారు 7.7 ఆంపియర్లు లాగుతుంది. పాత విమానంలో ఆ కరెంటు తిరిగొచ్చే దారి చాలాచోట్ల అల్యూమినియం బాడీయే. అక్కడ ఎర్త్ టెర్మినల్ కింద చిలుము పట్టి 0.2 ఓముల నిరోధం చేరినా చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది.

కాబట్టి లైటు వెలుగుతుండగానే మల్టీమీటర్‌తో కరెంటు పంచే బస్ బార్ నుంచి బల్బు దాకా, బల్బు నుంచి ఎర్త్ దాకా వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో కొలవాలి. స్విచ్ ఆపి కొలిస్తే ఈ లోపం దొరకదు. చిన్న విమానాల మెకానిక్‌లు చేతిలో ఉంచుకునే అమెరికన్ మార్గదర్శిక ఏసీ 43.13-1బి ప్రకారం 14 వోల్టుల వ్యవస్థలో నిరంతరం పనిచేసే లోడ్లకు వైరులో అర వోల్టుకు మించి పోకూడదు.

ఎల్ఈడీ వేస్తే సరిపోదా?

ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. అయినా బజార్లో దొరికింది తెచ్చి బిగిస్తే కుదరదు. ఆ విమానానికి ఆమోదించిన భాగమై ఉండాలి. దానికి తగిన కాగితాలుండాలి. కొన్ని ఎల్ఈడీలు రేడియోలో గరగర శబ్దం పుట్టిస్తాయి, అది కూడా పరీక్షించాలి. అమెరికాలో పైలట్ లైసెన్సున్న యజమాని ల్యాండింగ్ లైటు బల్బు తానే మార్చుకోవచ్చు. కొత్త రకం లైటు పెట్టాలంటే మాత్రం అక్కడా అనుమతి కావాల్సిందే.

ఎలా చేరాలి?

- అర్హత: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో ఇంటర్.
- శిక్షణ: పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి సీఏఆర్-147 నిబంధన కింద గుర్తింపు ఉన్న సంస్థల్లో.
- లైసెన్స్: సీఏఆర్-66 నిబంధన కింద. బి1.1 టర్బైన్ విమానాలకు, బి1.2 పిస్టన్ ఇంజిన్ విమానాలకు, బి2 ఏవియానిక్స్, ఎలక్ట్రికల్ పనులకు.
- పరీక్షలు: మాడ్యూళ్ల వారీగా. ఒక్కోదానిలో 75 శాతం మార్కులు వస్తేనే పాస్.

కోర్సు ముగించగానే లైసెన్స్ చేతికి రాదు. మాడ్యూళ్లు పాసవ్వాలి, నిర్ణీత కాలం విమానాల మీద పనిచేసిన అనుభవమూ చూపాలి.

ఉద్యోగాలు ఎక్కడ?

నిక్కచ్చిగా చెప్పాలంటే, పాత చిన్న విమానాలనే నమ్ముకుంటే మన దేశంలో అవకాశాలు తక్కువ. ఎక్కువ ఉద్యోగాలు ఎయిర్‌లైన్స్‌లో, శంషాబాద్‌లో ఉన్నటువంటి మరమ్మతు కేంద్రాల్లో ఉంటాయి. అందుకే బి1.1 లేదా బి2 ఎంచుకోవడం మేలు. అయితే 1985లోనే తయారీ ఆగిపోయిన సెస్నా 152లు ఇప్పటికీ ఫ్లయింగ్ స్కూళ్లలో ఎగురుతున్నాయి. అలాంటి హ్యాంగర్‌లో కొన్ని నెలలు పనిచేసే వీలు దొరికితే వదులుకోవద్దు. జెట్‌లో లోపం ఏమిటో కంప్యూటర్ చాలావరకు చెబుతుంది. పాత విమానంలో వైరు పట్టుకుని మీరే వెతకాలి.

ఫీజు కట్టేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో, మీకు కావాల్సిన కేటగిరీకే గుర్తింపు ఉందో లేదో మీరే చూసుకోండి. ఏజెంటు మాట నమ్మి చేరకండి.